గోధుమ తవుడు: మందా, ఆహారమా?

వడ్లు దంచే ఇంట గింజలోని ఒక్కొక్క పొరకు ఒక్కొక్క పేరుండేది. పైపొట్టు ఊక, దాని తరువాత రాలేవి చిట్టు, తవుడు, విరిగినవి నూకలు, మిగిలినవి బియ్యం. ఊక పొయ్యిలోకి, తవుడు కుడితి తొట్టిలోకి, నూకలు జావలోకి, బియ్యం అన్నానికి - ఇదీ పంపకం. గోధుమ తెలుగువారి వంటింటికి ఆలస్యంగా వచ్చినా, అదే న్యాయం దానికీ వర్తించింది. మరలో పట్టించి తెచ్చిన పిండిని జల్లెడ పట్టడం, పైన మిగిలిన ఎర్రని పొట్టును పశువుకు పెట్టడం అనేక కుటుంబాలలో ఆనవాయితీ. రొట్టె మెత్తగా, తెల్లగా రావాలన్న కోరికే దీనికి కారణం.

అదే పొట్టు అమెరికాలోని అంగళ్లలో అందమైన అట్టపెట్టెలలో ఉదయపు ఫలహారంగాను, మలబద్ధకానికి విరుగుడుగాను, ఒక్కొక్కప్పుడు సర్వరోగ నివారిణిగాను దర్శనమిస్తుంది. జల్లెడలో మిగిలిందని పారవేసిన చేతులే దానిని డబ్బిచ్చి కొని తెచ్చుకుంటున్నాయి. పారవేయడం ఎంత అవివేకమో, మందుగా భావించి మోతాదులు పెంచుకుంటూ పోవడం కూడా అంతే అవివేకం. గోధుమ తవుడు వ్యర్థ పదార్థం కాదు, ఔషధమూ కాదు. అది గింజలో ఒక భాగం. దానిని గింజతోపాటే, తగిన పాకంలో, తగిన పాళ్లలో తినాలన్నదే శాస్త్రం ఇన్నేళ్లలో తేల్చిన సారాంశం.

గింజలో ఏమున్నది?

గోధుమ గింజ బరువులో సుమారు 83 శాతం లోపలి తెల్లని పిండి భాగం. 14, 15 శాతం పై పొరలు. మిగిలిన 2, 3 శాతం మొలక. పై పొరలన్నీ కలిసినదే తవుడు. వీటిలో అన్నిటికన్నా లోపలిది అల్యూరోన్ అనే పొర. వృక్షశాస్త్ర రీత్యా ఇది పిండి భాగానికి చెందినదే అయినా, మరలో తవుడును అంటిపెట్టుకొని వెళ్లిపోతుంది. గింజలోని ఖనిజ లవణాలలోను, బి విటమినులలోను పెద్ద వాటా ఈ సన్నని పొరలోనే ఉండడం గమనార్హం.

అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల గోధుమ తవుడులో సుమారు 43 గ్రాముల పీచు, 15.6 గ్రాముల మాంసకృత్తులు, 4 గ్రాముల కొవ్వు ఉంటాయి. మెగ్నీషియం 611 మిల్లీగ్రాములు, ఇనుము 10.6 మిల్లీగ్రాములు, జింకు 7.3 మిల్లీగ్రాములు, నియాసిన్ 13.6 మిల్లీగ్రాములు, బి6 విటమిను 1.3 మిల్లీగ్రాములు. ఈ అంకెలు ఆకర్షణీయమైనవే. కాని వీటిని చదివేటప్పుడు రెండు విషయాలు మరువరాదు. మొదటిది, 100 గ్రాముల తవుడును ఎవరూ తినరు. ఒక పెద్ద చెంచా తవుడు తూకం నాలుగు గ్రాములకు లోపే. అందులో ఉండే పీచు ఒకటిన్నర గ్రాము. రెండవది, పట్టికలో ఉన్నదంతా శరీరానికి అందదు. తవుడులోని నియాసిన్‌లో అధిక భాగం ఇతర పదార్థాలతో బంధింపబడి ఉండి, జీర్ణక్రియలో సులభంగా విడివడదు. ఇనుము, జింకులకు ఎదురయ్యే ఆటంకం మరొకటి ఉన్నది. దాని ప్రస్తావన ముందు వస్తుంది.

నెల్లూరులో పుట్టిన రసాయన శాస్త్రజ్ఞుడు

తవుడు విలువను లోకానికి మొదట తెలిపినది గోధుమ కాదు, వరి. 1890లలో జావా ద్వీపంలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, బాగా పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్లకు బెరిబెరి వంటి నరాల జబ్బు రావడం, తవుడు పెడితే అది నయం కావడం గమనించాడు. బెరిబెరి ఆంధ్ర తీరానికి కొత్త కాదు. ఉత్తర సర్కారు జిల్లాలలో ఆ వ్యాధి 19వ శతాబ్దం నుండీ వైద్యులకు సుపరిచితం. తవుడులో ఉండి ఆ వ్యాధిని నివారించే పదార్థమే థయమిన్, అనగా బి1 విటమిను.

ఆ థయమిన్ నిర్మాణాన్ని ఛేదించి, 1936లో ప్రయోగశాలలో సంశ్లేషణ చేసిన రాబర్ట్ విలియమ్స్ 1886లో నెల్లూరులో జన్మించాడు. తల్లిదండ్రులు అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు. ఉదకమండలంలో పుట్టిన అతని తమ్ముడు రోజర్ విలియమ్స్ పాంటోథెనిక్ ఆమ్లం అనే మరొక బి విటమినును కనుగొన్నాడు. దక్షిణ భారతంలో పుట్టిన ఈ ఇద్దరు అన్నదమ్ములు పేరు తెచ్చుకున్న రెండు విటమినులూ తవుడులో ఉన్నవే.

విలియమ్స్ అంతటితో ఆగలేదు. తెల్లపిండిలో పోయిన విటమినులను తిరిగి కలపాలని గట్టిగా వాదించినవారిలో అతడు ముఖ్యుడు. 19వ శతాబ్దం చివరి పాదంలో ఉక్కు రోలర్ల మరలు వచ్చిన తరువాత తవుడును, మొలకను పూర్తిగా వేరుచేసిన తెల్లపిండి చౌకగా సామాన్యుడికి అందింది. దానితోపాటు పోషక లోపాలూ అందాయి. 1941 నుండి అమెరికాలో తెల్లపిండికి థయమిన్, రైబోఫ్లావిన్, నియాసిన్, ఇనుము కలపసాగారు. 1998 నుండి ఫోలిక్ ఆమ్లం కలపడం తప్పనిసరి అయింది. ఈ చర్య ఎన్నో కుటుంబాలను లోప వ్యాధుల నుండి కాపాడింది. దానిని తక్కువ చేయరాదు.

అయితే తీసినదెంత, తిరిగి ఇచ్చినదెంత అన్న లెక్క కూడా వేయాలి. 100 గ్రాముల ముడి గోధుమపిండిలో మెగ్నీషియం 130 మిల్లీగ్రాములకు పైగా ఉంటే, తెల్లపిండిలో ఉండేది 22. పీచు 10 గ్రాములకు పైబడి ఉన్నది కాస్తా 3 గ్రాములకు లోపు పడిపోతుంది. బి6 విటమిను పదోవంతుకు తగ్గుతుంది. జింకు నాలుగింట మూడు వంతులు పోతుంది. మెగ్నీషియం, జింకు, బి6, పీచు - వీటిని తిరిగి కలపాలన్న నియమం అమెరికాలో లేదు. పొట్లం మీద “ఎన్‌రిచ్‌డ్” అన్న మాట చూసి గింజలో ఉన్నదంతా అందులో ఉన్నదని భ్రమపడడం తగదు.

పీచు చేసే పని, చేయని పని

తవుడులోని పీచు ప్రధానంగా అరబినోక్సైలాన్, సెల్యులోజు, లిగ్నిన్ అనే పదార్థాలతో ఏర్పడినది. ఇందులో అధిక భాగం నీటిలో కరగనిది. మనిషి జీర్ణరసాలు దీనిని ఛేదించలేవు. అందువలన ఇది పెద్దప్రేగు వరకు ప్రయాణించి, నీటిని పట్టి ఉంచి, మలం పరిమాణాన్ని పెంచుతుంది. తవుడు ద్వారా తిన్న ఒక్కొక్క గ్రాము పీచుకు మలం బరువు సుమారు 5 గ్రాములు పెరుగుతుందని లెక్కలు తేల్చాయి. ముతక తవుడు మెత్తని తవుడు కంటె బాగా పనిచేస్తుంది. ప్రేగులలోని సూక్ష్మజీవులు ఇందులో కొంత భాగాన్ని పులియబెట్టి, ప్రేగుల లోపొరకు ఆహారమయ్యే బ్యూటిరిక్ ఆమ్లం వంటి వాటిని తయారుచేస్తాయి.

1970లలో డెనిస్ బర్కిట్ అనే శస్త్రవైద్యుడు, ఉగాండాలో తాను చేసిన పరిశీలనల ఆధారంగా, పాశ్చాత్యులలో కనిపించే అనేక ప్రేగు వ్యాధులకు పీచు లేని ఆహారమే కారణమని ప్రచారం చేశాడు. ఆ తరువాత తవుడుకు గొప్ప యోగం పట్టింది. 1984లో ఒక ప్రసిద్ధ ఫలహార సంస్థ తన తవుడు పెట్టెలపై క్యాన్సరు నివారణ సందేశాన్ని ముద్రించే వరకు వెళ్లింది.

శాస్త్రం అంత తొందరపడలేదు. పెద్దప్రేగులో పిలకలు తీయించుకున్న 1,429 మందిని రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి రోజుకు 13.5 గ్రాముల తవుడు పీచును, రెండవ వర్గానికి 2 గ్రాములను మూడేళ్లపాటు ఇచ్చిన పరిశోధన ఫలితాలు 2000 సంవత్సరంలో వెలువడ్డాయి. పిలకలు తిరిగి రావడంలో రెండు వర్గాలకూ భేదం కనిపించలేదు. మరొక ప్రక్క, 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విస్తృత సమీక్ష రోజుకు 25 నుండి 29 గ్రాముల పీచు తినేవారిలో గుండెజబ్బు, మధుమేహం, పెద్దప్రేగు క్యాన్సరు తక్కువని తేల్చింది. ఈ రెండూ పరస్పర విరుద్ధాలుగా తోచవచ్చు. కాని అర్థం స్పష్టమే: పప్పులు, కూరలు, పండ్లు, ముడి ధాన్యాల ద్వారా జీవితకాలం పీచు తినడం వేరు, మిగిలిన తిండి మార్చకుండా, నడివయస్సులో తవుడును మాత్రం చేర్చుకోవడం వేరు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లో గోధుమ తవుడుకు అంగీకరించిన ప్రయోజనాలు రెండే: మలం పరిమాణం పెరగడం, ప్రేగులలో ఆహారం త్వరగా కదలడం. రెండవ ప్రయోజనానికి రోజుకు కనీసం 10 గ్రాముల తవుడు పీచు కావాలి.

కొలెస్టరాల్ తగ్గించే గుణం ఓట్లలోని బీటా గ్లూకాన్ అనే కరిగే పీచుది. గోధుమ తవుడుకు ఆ ఖ్యాతిని అంటగట్టడం సరికాదు. మధుమేహం విషయంలో కూడా జాగ్రత్త అవసరం. రాత్రి అన్నం మాని చపాతీ తినడం ప్రవాసాంధ్ర కుటుంబాలలో దాదాపు వ్రతంగా మారింది. మెత్తగా విసిరిన గోధుమపిండి, తవుడు అందులోనే ఉన్నా, రక్తంలో చక్కెరను పెంచే వేగంలో తెల్లపిండికి పెద్దగా తీసిపోదు. కప్పు అన్నానికి బదులు నాలుగు చపాతీలు తిని చక్కెరను జయించామనుకుంటే అది ఆత్మవంచనే. అక్కడ మేలు చేసేది చపాతీల సంఖ్య తగ్గడం, ప్రక్కన పప్పు, కూర పెరగడం.

ఫైటిక్ ఆమ్లం అనే ఆటంకం

గింజ తన మొలక కోసం భాస్వరాన్ని ఫైటిక్ ఆమ్లం రూపంలో అల్యూరోన్ పొరలో దాచుకుంటుంది. ఈ ఆమ్లం ఇనుమును, జింకును, కాల్షియంను గట్టిగా పట్టుకొని, వాటిని ప్రేగులలో ఇంకనీయదు. 1942లో మెకాన్స్, విడ్డోసన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు తెల్లరొట్టె తిన్నప్పటి కంటె ముడిపిండి రొట్టె తిన్నప్పుడు కాల్షియం తక్కువగా ఒంటబడుతుందని నిరూపించారు. యుద్ధకాలపు బ్రిటన్‌లో పిండికి కాల్షియం కలపడానికి ఈ పరిశోధనలు ముఖ్య కారణం.

ఇంతకంటె గుణపాఠం చెప్పే ఉదంతం ఇరాన్‌లో జరిగింది. బీహారులో పుట్టి, అమెరికాలో ఉన్నత పరిశోధన చేసి, షిరాజ్ నగరానికి వెళ్లిన ఆనంద ప్రసాద్ అనే వైద్యుడు, అక్కడి పల్లెలలో ఎదుగుదల ఆగి, యౌవన లక్షణాలు రాని యువకులను చూశాడు. వారు తినేది దాదాపు పొంగని ముడి గోధుమ రొట్టె మాత్రమే. మట్టి తినే అలవాటు కూడా వారికుండేది. జింకు లోపమే ఇందుకు కారణం కావచ్చునని 1961లో ఆయన, ఆయన సహచరులు సూచించారు. ఆ తరువాత ఈజిప్టులో జరిగిన పరిశోధనలు దానిని బలపరిచాయి. మనిషికి జింకు లోపం కలుగుతుందని వైద్యలోకం గ్రహించడానికి తవుడుతో కూడిన రొట్టెయే దారి చూపిందన్నమాట.

ఈ ఉదంతం చెప్పేది తవుడు విషమని కాదు. మాంసం, పప్పు, పాలు, కూరలు లేని భోజనంలో తవుడు మాత్రమే మిగిలితే ప్రమాదమని. అయితే ప్రవాస కుటుంబాలలో ఇది పూర్తిగా పరాయి సమస్య కూడా కాదు. శాకాహారులైన స్త్రీలలో, ఎదిగే ఆడపిల్లలలో రక్తహీనత అరుదు కాదు. అటువంటివారు ఆరోగ్యమని ప్రతి భోజనానికి చెంచాల కొద్దీ తవుడు చేర్చుకొని, భోజనం వెంటనే టీ త్రాగితే, అందవలసిన ఇనుముకు రెండు అడ్డుగోడలు కట్టుకున్నట్లే. ఇంటిల్లిపాదికీ ఒకే ఆరోగ్య సూత్రం వర్తింపజేసే అలవాటు ఇక్కడే కీడు చేస్తుంది. అరవై ఏళ్ల మామగారి మలబద్ధకానికి మేలు చేసిన తవుడు, పదిహేనేళ్ల మనుమరాలి రక్తహీనతను ముదిరించవచ్చు.

వంటింటిలో పరిష్కారం

ఈ ఆటంకాన్ని తొలగించే ఉపాయం కూడా తవుడులోనే ఉన్నది. ఫైటేజ్ అనే ఎంజైము గోధుమలో సహజంగా ఉంటుంది. కొంత తడి, కొంత వెచ్చదనం, కొంత పులుపు దొరికితే అది ఫైటిక్ ఆమ్లాన్ని ముక్కలు చేస్తుంది. పులిసిన పిండితో చేసిన రొట్టెలో ఆ ఆమ్లం తగ్గిపోవడానికి కారణమిదే. పిండిని రాత్రంతా పులియనిచ్చే తెలుగు వంటింటికి ఈ విద్య ఎవరూ నేర్పనక్కరలేదు. తెలిసిన విద్యను గోధుమకు అన్వయించుకోవడమే కావలసినది.

చపాతీ పిండిని గోరువెచ్చని నీటితో, కొద్దిగా పుల్ల పెరుగు చేర్చి కలిపి, రెండు మూడు గంటలు నాననివ్వడం మంచిది. రెండు కప్పుల పిండికి రెండు పెద్ద చెంచాల తవుడు కలిపితే రొట్టె గట్టిపడదు. దోసెల పిండి రుబ్బిన తరువాత కొంత తవుడు కలిపి పులియబెడితే రుచిలో తేడా దాదాపు తెలియదు. బొంబాయి రవ్వలో తవుడు ఉండదు. దానికి బదులు ఎర్ర గోధుమ రవ్వతో ఉప్మా చేస్తే పీచు దానంతటదే వస్తుంది. తవుడును దోరగా వేయించి పొడులలో, లడ్డూలలో కలుపుకోవచ్చు. కాని వేడికి ఫైటేజ్ నశిస్తుంది కనుక, నాననిచ్చి పులియబెట్టిన తవుడే మేలైనది. పెట్టెలలో వచ్చే తవుడు ఫలహారాలు కూడా వేడికి గురైనవేనని గుర్తుంచుకోవాలి. వాటిలో చక్కెర ఎంత కలిసిందో కూడా చూసుకోవాలి. భోజనంలో నిమ్మకాయ, ఉసిరి, జామ వంటి వాటికి చోటిస్తే అందులోని సి విటమిను ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడుతుంది. టీ, కాఫీలు భోజనానికి గంట దూరంలో ఉండాలి.

తవుడును క్రమక్రమంగా, రోజుకొక చెంచాతో మొదలుపెట్టి పెంచాలి. నీరు బాగా త్రాగాలి. నీరు లేని తవుడు మలబద్ధకాన్ని పోగొట్టడానికి బదులు పెంచుతుంది. తవుడులో కొవ్వు ఉన్నందున త్వరగా చిక్కుబడుతుంది. మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచాలి. గోధుమ పడని సీలియాక్ రోగులకు తవుడు నిషిద్ధం. తరచు కడుపునొప్పి, ఉబ్బరం ఉండే ప్రేగు రుగ్మత కలవారిలో సగానికి పైగా తవుడువల్ల బాధ ఎక్కువైందని 1994లో ఒక బ్రిటిష్ పరిశీలన తెలిపింది. థైరాయిడ్ మాత్రలు, ఇనుము మాత్రలు తవుడుతో కలిపి వేసుకోరాదు. చంటిపిల్లల ఆహారంలో విడిగా తవుడు కలపనవసరం లేదు.

పొట్లం చదివే అలవాటు

అమెరికాలో “వీట్ బ్రెడ్” అని అమ్మే రొట్టె ఎర్రగా ఉన్నంత మాత్రాన తవుడు ఉన్నట్లు కాదు. ఆ రంగు బెల్లపు పాకం వంటి మొలాసిస్‌తో కూడా రావచ్చు. పదార్థాల జాబితాలో మొదటి పేరు “హోల్ వీట్” అయి ఉండాలి. “ఎన్‌రిచ్‌డ్ వీట్ ఫ్లోర్” అని ఉంటే అది తెల్లపిండియే. భారతీయ దుకాణాలలో దొరికే ఆటా పొట్లాలను కూడా ఇట్లే చదవాలి. కొన్నింటిపై దురుమ్ గోధుమపిండి, గోధుమ తవుడు అని రెండు పేర్లు విడివిడిగా కనిపిస్తాయి. అనగా తవుడును ఒకసారి వేరుచేసి, తిరిగి కొంత కలిపారని అర్థం. గింజనంతా విసిరిన పిండిలో మొలక కూడా ఉంటుంది. తిరిగి కలిపిన పిండిలో అది ఉండాలన్న నియమం లేదు. రెండూ ఒకే ధరకు దొరికినప్పుడు మొదటిదే ఎంచుకోవడం వివేకం.

ఇంత చెప్పిన తరువాత తేలేది ఒక చిన్న విషయమే. వరి తవుడు పోయినప్పుడు బెరిబెరి వచ్చింది. గోధుమ తవుడే ఆధారమైనప్పుడు జింకు కరువైంది. ప్రకృతి ఒకే గింజలో కూర్చిన వాటిని విడదీసి, ఒక భాగాన్ని గేదెకు, ఒక భాగాన్ని మనిషికి, ఒక భాగాన్ని మందుల బీరువాకు పంచిపెట్టడంలోనే పొరపాటు ఉన్నది. ప్రవాసంలో పుట్టిన పిల్లలకు తెల్లరొట్టె రుచి మూడు, నాలుగేళ్ల వయస్సులోనే స్థిరపడుతుంది. ఆ వయస్సులో ఇంటిలో ముడిపిండి చపాతీ, ఎర్ర రవ్వ ఉప్మా, పప్పు, పండు అలవాటైతే, నలభై ఏళ్ల తరువాత వారు తవుడు పెట్టె కోసం అంగడికి వెళ్లనవసరం ఉండదు. ఇంటిలో పిండికి జల్లెడ పట్టవలసి వస్తే రాళ్లకు, పురుగులకు పట్టవచ్చు. పైన మిగిలిన పొట్టును మాత్రం తిరిగి పిండిలోనే వేయాలి.